వాననీరు – ఇంటికి, పెరటికి, రంగు బానకు

వానాకాలమన్న మన వృత్తివారికి తొలినుండి పెద్ద ఇష్టము లేదు. వీధిలో పడుగు సాచి గంజి పట్టుటకు ఎండ కావలెను; చినుకు పడినచో ఆ పూట పని పోయినట్లే. గంజి పెట్టిన నూలు ఆరక బూజు పట్టును. గుంటమగ్గములో చెమ్మ చేరును. అందుచేత వాన పడినప్పుడు ఆకాశము వైపు చూచి విసుగుకొనుట మనకు అలవాటైపోయినది. కాని ఆ నీరంతయు మన చూరు నుండియే కారి వీధి కాలువలో కలిసిపోవుచున్నది. మూడు నాలుగు నెలలు తిరుగక మునుపే బిందె నీటికి టాంకరు వెంట పరుగెత్తునది కూడ మనమే. ఈ రెండింటికి నడుమ ఉన్న సంబంధమును ఈ పాఠములో విచారింతము.

ఇది పట్నవాసుల ముచ్చట, మన చిన్న ఇండ్లకు పనికిరాదని కొందరు సభ్యుల అభిప్రాయము. అది సరికాదు. 2016 ఏప్రిల్‌లో మన సోలాపురమునకు అంత దూరము కాని లాతూరుకు మిరజ్ నుండి రైలుబండిలో త్రాగునీరు తరలించిరి. 2019 వేసవిలో మదరాసు చుట్టునున్న చెరువులు ఎండిపోగా, జోలార్పేట నుండి రైలులోనే ఆ నగరమునకు నీరు వచ్చినది. అట్టి వేళలలో మొదట ఇబ్బంది పడునది ఎవరు? సొంత బోరుబావి, పెద్ద సంపు ఉన్నవారు కారు. వీధి కుళాయి మీద ఆధారపడిన వారు. మన వారిలో ఎక్కువమంది ఈ తరగతివారే.

ప్రభుత్వములు కూడ ఊరకుండలేదు. తమిళనాడు ప్రభుత్వము 2003లో ప్రతి కట్టడమునకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేసినది. బెంగళూరులో 2009లో చట్టమును సవరించి, 2400 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలములలోని పాత ఇండ్లకును, 1200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలములలో క్రొత్తగా కట్టు ఇండ్లకును ఈ ఏర్పాటు ఉండవలెనన్నారు. అయితే చట్టము కొరకు పెట్టిన గొట్టము వేరు, నీటి కొరకు పెట్టిన గొట్టము వేరు. మేడమీద నుండి ఒక గొట్టము దింపి, నాలుగు రాళ్ళు వేసిన గుంటలో వదలి, తనిఖీదారు వచ్చి చూచి పోయిన పిదప మరల తొంగి చూడని ఇండ్లు మనము చాల చూచియున్నాము. మేము చెప్పబోవునది రెండవ రకపు గొట్టమును గురించి.

మొదట లెక్క తెలియవలెను. లెక్క సులభము. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు గల ఇల్లు 600 చదరపు అడుగులు, అనగా సుమారు 56 చదరపు మీటర్లు. వాలు పైకప్పు అయినచో పెంకుల వాలును కొలువరాదు. ఇల్లు నేలమీద ఎంత చోటు కప్పుచున్నదో అదే కొలత. ఒక అంగుళము వాన, అనగా 25 మిల్లీమీటర్లు, పడినచో 1400 లీటర్లు. తడిసి ఇంకునది, చిమ్మి పోవునది, మొదట వదలివేయవలసినది తీసివేయగా అయిదింట నాలుగు పాళ్ళు చేతికి వచ్చునని అనుకొందము. ఒక్క అంగుళపు వానకు 1100 లీటర్లు! టాంకరు నీటిని బిందెల లెక్కన కొనువారు ఈ అంకె దగ్గర కొంచెము ఆగి ఆలోచింపవలెను.

ఏడాదికి ఎంత? కోయంబత్తూరులో సుమారు 650 మిల్లీమీటర్ల వాన పడును. ఆ ఇంటికి 29,000 లీటర్లు దొరకును. బెంగళూరులో సుమారు 950. అక్కడ 42,000 లీటర్లు. మదరాసులో 1400, అక్కడ 62,000 లీటర్లు. అయిదుగురున్న సంసారము తలకు రోజుకు 40 లీటర్ల చొప్పున వాడినను ఏడాదికి 73,000 లీటర్లు కావలెను. కనుక వాననీటితోనే అన్ని పనులు జరుగునని చెప్పువారి మాట నమ్మరాదు. స్నానమునకు, బట్టలకు, ఇల్లు కడుగుటకు కుళాయి నీరో, బావి నీరో వాడుకొని, వాననీటిని విలువైన పనులకు దాచుకొనుట తెలివి. వంటకు, త్రాగుటకు తలకు 10 లీటర్లు చాలును. అట్లు చూచిన ఏడాదికి 18,000 లీటర్లే. మిగిలినది మన వృత్తికి.

ఇక్కడనే మన పాఠములోని ముఖ్యవిషయము వచ్చినది. వాననీటిని గురించి వ్రాయువారు త్రాగుట, తోట, భూగర్భజలము అని మూడే చెప్పుదురు. నేతగానికి, అద్దకపువానికి నాలుగవది కలదు. అది నీటి మెత్తదనము.

మన ఊళ్ళ బోరుబావులలో చాలవరకు కఠినజలము. నేలలోని సున్నపు, మెగ్నీషియపు లవణములు అందులో కరిగియుండును. ఇంట్లో ఆడవారికి ఇది చెప్పనక్కరలేదు. కందిపప్పు ఉడకకపోవుట, కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట, సబ్బు నురుగు రాక తెట్టుగా తేలుట వారు నిత్యము చూచునవే. వాన ఆకాశము నుండి వచ్చునది గనుక అందులో ఈ లవణములు దాదాపు ఉండవు. పరీక్ష కావలెనన్న రెండు సీసాలు తీసికొని ఒకదానిలో బోరు నీరు, ఇంకొకదానిలో వాననీరు సగము వరకు పోసి, రెండింటిలోను మామూలు బట్టల సబ్బు గోటంత ముక్క వేసి బాగుగా కుదిపి చూడుడు. పొడి సబ్బు, అనగా డిటర్జెంటు, ఈ పరీక్షకు పనికిరాదు. అది కఠినజలములో కూడ నురుగునిచ్చి మనలను మోసగించును.

ఇప్పుడు పట్టు సంగతి చూతము. ముడిపట్టులో నాలుగవ వంతు వరకు జిగురే. సబ్బు, సోడా వేసి మరుగుకు కొంచెము తక్కువ వేడిలో ఉడకబెట్టి ఆ జిగురు తీయుదుము. కిలో పట్టుకు 30 లీటర్ల నీరు పట్టునని, ఆ నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యము కలదని అనుకొందము. త్రాగునీటికి భారతీయ ప్రమాణము వేరు నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకొనుచున్నది గనుక 300 అనునది అరుదైన సంగతి కాదు. ఆ లెక్కన 30 లీటర్లలోని సున్నము 50 గ్రాములకు పైగా సబ్బును తినివేయును. సబ్బు పోవుట ఒక్కటే అయినచో ఓర్చుకొందుము. తినివేసిన సబ్బు కరుగని బంకగా మారి పట్టుపోగు మీదనే కూర్చుండును. కంటికి కనబడదు. తరువాత రంగులో ముంచినప్పుడు ఆ చోట రంగు ఎక్కదు, లేదా మచ్చగా ఎక్కును. చీర నేసి మడత విప్పిన నాడు గాని ఆ పట్టీలు బయటపడవు. అప్పుడు షావుకారు కూలి కోయును. తప్పు చేతిది కాదు, నీటిదని ఎంత చెప్పినను అతడు వినునా?

ఇంకొక సూక్ష్మము. ఉడకబెట్టుట వరకు మెత్తని నీరు వాడి, వెంటనే కడుగుటకు బోరు నీరు పోయువారు కలరు. చిలపలలో అప్పటికి సబ్బు నిండియుండును. కఠినజలము తగులగానే బంక అక్కడనే కట్టును. కాబట్టి మొదటి కడుగు కూడ వేడి చేసిన వాననీటితోనే కావలెను. తరువాతి కడుగులకు ఏ నీరైనను సరియే. ఉడకబెట్టుటకు 30, మొదటి కడుగుకు 30, రంగు నీళ్ళకు 30 లీటర్లు, అంతా 90. ఒక్క అంగుళపు వాన పన్నెండు కిలోల పట్టుకు సరిపోవునన్నమాట. పత్తి నూలుకు వేయు రియాక్టివు రంగులకు కూడ ఇదే న్యాయము. కఠినజలములో ఛాయ మసకబారును, చుక్కలు పడును.

అయితే మెత్తని నీరు అన్ని రంగులకు మేలని అనుకొనరాదు. చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్ళతో ఎరుపు వేయుటకు పటికతో పాటు కొంత సున్నము కూడ ఉండవలెను. అప్పుడే ఎరుపు నిండుగా పండును. పూర్వము అద్దకపువారు ఫలానా బావి నీటికే ఎరుపు వచ్చునని పట్టుపట్టినది మూఢనమ్మకము కాదు. అట్టి పనికి వాననీరు వాడదలచినవారు చిటికెడు సున్నము కలిపి తునక మీద పరీక్షించుకొనవలెను. అంతకంటె ముఖ్యమైన మాట: ఒక చీరకు కావలసిన నూలంతయు ఒకే నీటిలో అద్దవలెను. సగము వాననీటిలో, సగము బోరునీటిలో అద్ది ఛాయ కలియలేదని రంగు అమ్మినవానిని తిట్టుట న్యాయము కాదు.

ఇక ఏర్పాటు సంగతి. పైకప్పు ఎట్టిదో ముందు చూడుడు. సిమెంటు మిద్దె, మంగళూరు పెంకు, జింకు పూత చెడని రేకు మంచివి. త్రుప్పు పట్టిన రేకు మీది నీరు పెరటికి మాత్రమే. రంగు బానలో ఇనుము తగిలినచో తెలుపు పసుపెక్కును, ఎరుపు నల్లబడును. ఆస్‌బెస్టాసు రేకుల నీరు త్రాగుటకు వాడకుండుటే మంచిది. పాతకాలపు మండువా లోగిళ్ళలో నాలుగు వైపుల చూరునీరు నడిమికి దిగుచుండెడిది. యానాము వైపు అట్టి ఇల్లు మిగిలియున్నవారికి దోనెల ఖర్చు సగము తగ్గును.

చూరు వెంట రేకు దోనెయో, నిలువుగా కోసిన ప్లాస్టిక్ గొట్టమో బిగించి, ఒక కొన వైపు కొంచెము వాలునియ్యవలెను. ఆ కొనను దిగు గొట్టమునకు ముందే జల్లెడ వల కట్టవలెను. మొదటి నీరు మురికిది. దుమ్ము, పక్షుల రెట్ట, ఎండుటాకులు అందులోనే వచ్చును. చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున మన 600 అడుగుల ఇంటికి 55 లీటర్లు వదలవలెను. పక్కన మిల్లు గొట్టమో, దుమ్ము రోడ్డో ఉన్నచో దానికి రెట్టింపు. దీనికి కాపలా మనిషి అక్కరలేదు. దిగు గొట్టమునకు ఒక టీ ముక్క వేసి, క్రిందికి 6 అంగుళముల గొట్టము 10 అడుగులు నిలువుగా పెట్టి అడుగున మరమూత బిగించినచో, అందులో సరిగా 55 లీటర్లు పట్టును. మురికినీరు ముందు దానిలో నిండును. నిండిన తరువాతనే మంచినీరు పక్కకు పారును. వాన వెలసిన పిదప మూత విప్పి ఆ నీటిని మొక్కలకు వదలుడు. మూత విప్పుట మరచినచో మరుసటి వానకు ఆ గొట్టము ఉన్నను లేనట్లే.

వడపోతకు 200 లీటర్ల పీపా చాలును. అడుగున జానెడు కంకర, దాని మీద గులకరాళ్ళు, వల, ఆపైన మూరెడు ముతక ఇసుక, పైన మరల వల. అన్నింటిని నీరు తేటపడువరకు కడిగి వేయవలెను. ఏటేట ఇసుక తీసి కడుగవలెను. పీపా మూతికి పాత పంచె కట్టుట మనవారికి తోచు పనియే. దీనికి శాస్త్రజ్ఞుల మద్దతు కూడ కలదు. బంగ్లాదేశ్ గ్రామములలో పాత నూలు చీరను మడతలు వేసి చెరువునీటిని వడకట్టించగా కలరా దాదాపు సగమునకు తగ్గెనని 2003లో ప్రకటించిరి. క్రొత్త చీర కంటె ఉతికి ఉతికి మెత్తబడిన చీరయే మేలని కూడ తేల్చిరి. పోగు నలిగి నూగెక్కి రంధ్రములు చిన్నవగుటయే కారణము. ఈ సంగతి నేతగానికి వేరొకరు వివరింపనక్కరలేదు. అయినను గుడ్డ వడపోత నీటిని కాచుటకు బదులు కాదు. త్రాగు నీటిని తెర్లునట్లు ఒక నిమిషమైనను కాచి చల్లార్చుకొనుడు. తొట్టిలో బ్లీచింగు పొడి వేయువారు ఆ నీటిని రంగు బానకు వాడరాదు, రంగు విరుగును.

తొట్టి ఎంతది కావలెను? వానలేని ఎడము ఎన్ని రోజులో చూచుకొనవలెను. రోజుకు 50 లీటర్ల చొప్పున 100 రోజులకు 5000 లీటర్లు. అడుగున 5 అడుగులు, 6 అడుగులు ఉండి 6 అడుగుల లోతుగల తొట్టి పట్టునది అంతే. తొట్టి అనుడు, గాబు అనుడు, సోలాపురమువారివలె గోలెము అనుడు, మూత మాత్రము ఉండవలెను. వెలుతురు తగిలినచో పాచి పట్టును. దోమకు సందు దొరికినచో వారము పది దినములలో గ్రుడ్డు దోమయై లేచును. డెంగీ దోమ మురుగులో కంటె ఇట్టి తేట నీటిలోనే పెరుగును. పొర్లు గొట్టము నోటికి కూడ సన్నని వల కట్టవలెను; చాలమంది విడిచిపెట్టునది ఇదియే.

ఊరి నేలనుబట్టి పద్ధతి మార్చుకొనవలెను. సోలాపురము నల్లరేగడి నేల తడిసి ఉబ్బును, ఎండి పగులును. అందులో గోడ దగ్గర ఇంకుడుగుంట త్రవ్వినచో గోడయే బీటలు వారును. అక్కడ నేలమీది తొట్టియే మేలు. యానాములో నేలలోని నీరు పైకే ఉండును, సముద్రము దగ్గర గనుక ఉప్పదనము కూడ తగులును. నేలలో త్రవ్విన సంపుకు పగులు ఏర్పడినచో మంచినీరు చెడును. అక్కడ కూడ నేలమీదనే కట్టవలెను. బెంగళూరు ఎర్రనేలలో మాత్రము పొర్లు నీటిని ఇంకుడు బావిలోనికి వదలవచ్చును. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు బావులు అక్కడ వాడుకలో ఉన్నవి.

గుంటమగ్గము ఉన్న ఇంటివారు ఇది ప్రత్యేకముగా గమనింపవలెను. మగ్గపు గుంట నేలలోనికి దిగియుండును గనుక, దగ్గరలో ఇంకిన నీరు వెతుకుకొనుచు మొదట అందులోనికే ఊరును. తొక్కుడు కర్రలు చీకును, నేయువాని మోకాళ్ళు పట్టుకొనును. మా అభిప్రాయములో ఇంకుడుగుంటకు, మగ్గము గోడకు నడుమ 15 అడుగులు తక్కువ కారాదు. అంత స్థలము లేనివారు ఇంకుడుగుంట మాట తలపెట్టక, పొర్లు గొట్టమును వీధి వైపు త్రిప్పుకొనుడు. పొరుగువారి గోడ మీదికి త్రిప్పరాదు; చూరునీటి తగవులు మన వీధులలో ఇప్పటికే చాలినన్ని ఉన్నవి.

అద్దకపు నీరు ఒక్క చుక్కయైనను ఇంకుడుగుంటలోనికి పోరాదు. ఇందులో రాజీ లేదు. తిరుప్పూరు దగ్గర నొయ్యలు నది, ఒరత్తుపాళెయము జలాశయము రంగునీటితో పాడైన సంగతి, 2011 జనవరిలో మదరాసు హైకోర్టు అక్కడి అద్దకపు కర్మాగారములను మూయింప ఆజ్ఞాపించిన సంగతి సభ్యులకు తెలిసినదే. అది పెద్ద మిల్లుల వ్యవహారమని త్రోసివేయుటకు వీలులేదు. ఇంటిబావి పక్కన పది బానల నీరు నేలలోనికి వదలినచో, ఆ బావి నీటిని త్రాగువారు మన పిల్లలే.

పెరటి సంగతి కొద్దిలో ముగింతుము. మురికినీటి గొట్టము విప్పి వదలినది, వడపోత కడిగినది, గంజి కుండ కడిగినది అంతయు మొక్కలకు మంచిదే. రియాక్టివు అద్దకపు కడుగునీరు మాత్రము ఎంత పలుచనైనను పోయరాదు. అందులోని ఉప్పు నేలను చవుడు చేయును. చోటు తక్కువైనచో ఒక మునగ, ఒక కరివేపాకు, పందిరికి ఒక బీర పాదు పెట్టుకొనుడు. మొక్క చుట్టు పళ్ళెమువలె పాదు చేసి ఎండుటాకులు కప్పినచో, పోసిన నీరు రెండింతల కాలము నిలుచును.

సోలాపురము, బెంగళూరు, బరంపురము, యానాము వారు మే నెల ముగియులోపల దోనెలు దులిపి, ఇసుక కడిగి, తొట్టి అడుగు బండి తీసి సిద్ధముగా ఉండవలెను. మదరాసు, కంచి వైపు వారికి పెద్దవాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పడును గనుక సెప్టెంబరులో మరొక పర్యాయము ఈ పని చేయవలెను. కోయంబత్తూరు వారికి కూడ ఆ తుది వానయే ముఖ్యము; నవంబరు చివరకు తొట్టి నిండా ఉన్నచో మార్చి వరకు భయములేదు. మగ్గము ఎట్లును ఆగు తొలి ముసురు దినమున నిచ్చెన వేసి, నీరు దోనెలో ఎక్కడ నిలుచుచున్నదో, ఎక్కడ బయటికి చిమ్ముచున్నదో చూచి గుర్తు పెట్టుకొనుడు. ఎండ కాచినప్పుడు అది కనబడదు.